మొప్పలు

ఆ వాక్యం ఇక్కడ రాయను.
ఆరు మాటలు. అందులో ఒకటి ఉప్పు.
జాలరిపేట మునిసిపల్ స్కూల్లో
ఐదో తరగతి పిల్లలకి, పాఠంలో లేకపోయినా,
ఏటేటా నల్లబల్ల మీద రాసేదాన్ని
సుద్దముక్క విరిగేంత ఇష్టంగా.

గరికిన ఎల్లాజీ దాన్ని బుర్రకెక్కించుకుని
పెద్దయ్యాక బోటు కొని
ఆ చివర్నించి ఈ చివరిదాకా రాయించాడు,
పసుపు మీద ఎర్రటి అక్షరాలు.
ఫిషింగ్ హార్బర్లో దూరం నుంచి చూసి
ఒక ఒత్తు తప్పు పోయిందని నవ్వుకున్నాను.
ఒక్క ఒత్తే తప్పనుకున్నాను.

మార్చిలో, పౌర గ్రంథాలయంలో,
ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకి ఇంకా వారముందనగా
హైమవతి లేచి నిలబడింది.
ఆయన రాతప్రతులు సాపు చేసిన మనిషి.
పందొమ్మిదేళ్ళకి చేరింది, ఇరవై రెండుకి మానేసింది.
ఆ మూడేళ్ళ గురించి చెప్పింది
తేదీలతో, గదితో, తలుపు గడియతో.
ఆమె తర్వాత ఇంకొకామె.
ఆ తర్వాత, రాలేక ఉత్తరం పంపిన మూడో ఆమె.
ఫ్యాను గాలికి ఆ ఉత్తరం ఎగురుతుంటే
గాజుగ్లాసు బరువు పెట్టి హైమవతే చదివింది.
వెనక వరసలో ఎవరో
"ఇన్నాళ్ళూ ఏం చేస్తోందట?" అన్నారు.
నేను వెనక్కి తిరగలేదు.
నిజం చెప్పాలి కదా,
ఆ క్షణాన నాకు దిగులు పుట్టింది
ఆమె గురించి కాదు,
నా పుస్తకం గురించి.

ఆ రాత్రి బీరువాలోంచి తీశాను.
క్యాలెండరు కాగితంతో వేసుకున్న అట్ట,
హుద్‌హుద్‌కి తడిసి ఉబ్బిన పేజీలు.
రేకులెగిరిపోయిన ఆ పూట
బియ్యం డబ్బా వదిలేసి
దీన్నే గుండెకి పట్టుకున్నాను.
చదివాను, పాడైపోయి ఉంటే బావుణ్ణనుకుంటూ.
పాలైతే విరిగేవి.
ఎల్లాజీ పెళ్ళాం నూకరత్నం, రేవులో
చేపని పట్టి మొప్పలెత్తి చూపిస్తుంది.
ఎరుపైతే ఇవాళ్టిది, నలుపైతే నిన్నటిది,
వాదనక్కర్లేదు.
పద్యానికి మొప్పలెక్కడుంటాయి?
ఎత్తి ఎత్తి చూశాను.
దరిద్రం,
ఇంకా ఎర్రగానే ఉంది.

ఏప్రిల్ పదిహేను. వేట ఆగింది.
రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డుకి చేరి
నాచు గీకించుకుంటాయి, రంగులేయించుకుంటాయి.
ఎల్లాజీ కబురెట్టాడు. వెళ్ళాను.
చేతిలో పేపరు మడత.
"ఏటి సేద్దుం టీచరమ్మా?
ఉంచీమంతావా, సెరిపీమంతావా?"
పాఠం చెప్తున్నట్టే మొదలెట్టాను.
రాసినవాడు వేరు, రాత వేరు అన్నాను.
ఇంకా రుజువు కాలేదు కదా అన్నాను.
నడిసంద్రంలో ఇంజను ఆగిన రాత్రి
ఆ మాటే కదరా నిన్ను నిలబెట్టింది అని
ఇంకేదో అనబోతుంటే
నా గొంతు నాకే
వెనక వరసలోంచి వినిపించింది.

నూకరత్నం వల కుడుతోంది. తలెత్తలేదు.
"ఆయమ్మ ఓపాలి సేపలకని రేవుకొస్తే?
మన బోటు కంటబడితే?"
అంతే అంది.
దారం పళ్ళతో తెంపింది.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి
నీలం బోటు బయల్దేరింది.
ఒంటి మీద నంబరు తప్ప ఏమీ లేదు.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
దాన్నొకసారి తాకి వదిలేసింది.

పుస్తకం బీరువాలోనే ఉంది.
పారెయ్యలేదు. తెరవనూ లేదు.
తెరవలేదన్నది అబద్ధం, ఒకసారి తెరిచాను.
హైమవతి ఉండేది మర్రిపాలెంలో.
ఒక్క బస్సు. ఇంకా ఎక్కలేదు.

బడి తెరిచారు.
కొత్త పిల్లలు, కొత్త సుద్ద.
తేదీ వేశాను, హాజరు వేశాను,
చెయ్యి దానంతటదే పైకి లేచింది.
'ఉ' దాకా వెళ్ళి ఆగింది.
వెనక పిల్లలు ఒకటే గోల,
ఉడత, టీచర్!
ఉల్లిపాయ!
ఉంగరం!
ఉరుము!
నేనింకా బల్ల వైపే తిరిగి ఉన్నాను.